చమురు బావికి లెక్కే పునాది
కొత్త బావి తవ్వే ముందు చమురు నిపుణులు పాత రికార్డులు తిరగేస్తారు. సైస్మిక్ సర్వేలు, బావి లాగ్‌లు (బావి పొడవునా తీసిన కొలతల రికార్డులు), ఉత్పత్తి లెక్కలు దశాబ్దాలుగా పోగుపడి ఉంటాయి. ఇసుకరాయి పొర 3,000 లోతున ఉందని రాసి, అవి అడుగులో మీటర్లో రాయకపోతే ఆ అంకె ఎందుకూ కొరగాదు. లోతును రిగ్గు అంతస్తు నుంచి కొలిచారా, సముద్రమట్టం నుంచి కొలిచారా అన్నదీ నమోదు కావాలి. లేకుంటే పక్కపక్క బావుల్లో ఒకే పొర వేర్వేరు లోతుల్లో కనిపిస్తుంది.

అందుకే సమాచారానికి బాధ్యులెవరు, సరిచూసేదెవరు, మార్చే అధికారం ఎవరిది అన్నవి ముందే తేల్చుకోవాలి. ఇదే డేటా గవర్నెన్స్. ప్రతి బావికీ ఒకే పేరు, ఒకే కొలమానం, ఖాళీల్లేని వివరాలు నాణ్యతకు గుర్తులు.

ఇలాంటి సమాచారం కోసమే భారతదేశంలో 2017లో నేషనల్ డేటా రిపాజిటరీ ప్రారంభమైంది. కృష్ణా–గోదావరి బేసిన్‌తో సహా దేశంలోని బేసిన్ల సమాచారం అక్కడ భద్రపరుస్తారు. అన్వేషణ బ్లాకులకు బిడ్ వేసే కంపెనీలు ఆ సమాచారాన్ని పరిశీలించి నిర్ణయానికి రావచ్చు.