రెండు బుట్టలు... చిన్నారులకు తొలి పాఠాలు

* ఆటలోనే రంగుల పరిచయం
* చెప్పిన మాట విని పని చేసే అలవాటు
* వరుస తప్పితే తికమకే

మెట్టుగూడ (సికింద్రాబాద్): తడి చెత్త ఆకుపచ్చ బుట్టలో, పొడి చెత్త నీలం బుట్టలో... నగరవాసులకు 2015 నుంచి వినిపిస్తున్న మాట ఇది. పెద్దలే ఇప్పటికీ తడబడుతున్న ఈ విభజన మూడు నుంచి ఆరేళ్ల చిన్నారులకు చక్కటి ఆటగా మారగలదు. రంగుల పేర్లు తెలుసుకోవడం, చెప్పిన మాట విని ఆ క్రమంలో పని చేయడం బడిలో చేరేలోగా పిల్లలు అలవరచుకోవాల్సిన నైపుణ్యాలు. ఈ రెండింటికీ పనికొచ్చే సాధనాలు ఖర్చు లేకుండా ప్రతి ఇంట్లోనూ దొరుకుతాయి. సీసా మూతలు, అట్టపెట్టెలు, పాత వార్తాపత్రికలు, అరటి తొక్కలు, ఎండుటాకులే ఆ సరంజామా. అయితే ఆట సాగే వరుస తెలియకపోతే మేలుకంటే తికమకే ఎక్కువ. మెట్టుగూడ పరిసరాల్లోని అంగన్‌వాడీ టీచర్లకు, తల్లిదండ్రులకు ఉపయోగపడేలా ఆ వరుసను వివరించే కథనమిది.

రంగు బుట్టలు వచ్చిందిలా...

హైదరాబాద్ మహానగర పాలక సంస్థ 2015లో ఇంటింటికీ రెండేసి బుట్టల చొప్పున 22 లక్షల ఇళ్లకు 44 లక్షల బుట్టలు పంపిణీ చేయాలని సంకల్పించింది. అదే ఏడాది స్వచ్ఛ ఆటోలను రంగంలోకి దించింది. వాటిలో తడి, పొడి చెత్తలకు వేర్వేరు అరలు ఏర్పాటు చేశారు. 2017 జూన్ 5న ప్రపంచ పర్యావరణ దినోత్సవం సందర్భంగా ఇవే రెండు రంగుల బుట్టల విధానం దేశవ్యాప్త ప్రచారంగా మారింది. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా కేంద్రం ప్రకటించిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు మరో అడుగు ముందుకేసి తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి అంటూ వ్యర్థాలను నాలుగు రకాలుగా వేరు చేయాలని నిర్దేశించాయి.

పసివారికి మాత్రం మొదటి రెండు రకాలు చాలు. మిగిలిన రెండింటి గురించి 'ముట్టుకోవద్దు, పెద్దలకు చెప్పాలి' అన్న ఒక్క నియమం నేర్పితే సరిపోతుంది.

చదువుల్లోనూ ఆటకే పీట

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో పౌష్టికాహారంతో పాటు మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య కూడా భాగమే. 2022 అక్టోబరులో విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఈ వయసులో ఆటే ప్రధాన బోధన పద్ధతి కావాలని స్పష్టం చేసింది. అంగన్‌వాడీల కోసం కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 2024లో రూపొందించిన 'ఆధార్‌శిల' పాఠ్యప్రణాళిక సైతం ఆ బాటలోనిదే.

పారేసే వస్తువులతో ఆటబొమ్మలు చేయించడం మన దేశానికి కొత్త కాదు. ఐఐటీ కాన్పూర్ పూర్వ విద్యార్థి అరవింద్ గుప్తా ఈ పనికే జీవితాన్ని అంకితం చేశారు. 2018లో పద్మశ్రీ అందుకున్నారు. మెట్టుగూడకు పొరుగునే ఉన్న తార్నాక చిరునామాతో పుస్తకాలు వెలువరించిన 'మంచి పుస్తకం' సంస్థ ఆయన రచనలను తెలుగులోకి తెచ్చింది.

పచ్చ సీసా ఏ బుట్టలోకి?

ఈ ఆటలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎర్ర మూత ఎర్ర పెట్టెలో, నీలం మూత నీలం పెట్టెలో వేయడం నేర్చిన మూడేళ్ల పాపకు ఆకుపచ్చ రంగు శీతల పానీయం సీసా ఇచ్చి చెత్తబుట్టలో వేయమంటే ఏం చేస్తుంది? తడుముకోకుండా ఆకుపచ్చ బుట్టలోనే వేస్తుంది. తాను నేర్చుకున్న నియమం ప్రకారం అది సరైన పనే. కానీ సీసా పొడి చెత్త. అది చేరాల్సింది నీలం బుట్టలోకి. 'తప్పు' అని పెద్దలు గద్దిస్తే పాప నిన్నటి రంగుల పాఠాన్నే అనుమానిస్తుంది.

ఇందులో లోపం పిల్లలది కాదు. కెనడాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ జెలాజో, ఆయన సహచరులు 1990లలో పిల్లలకు బొమ్మల కార్డులిచ్చి మొదట రంగును బట్టి, తరువాత ఆకారాన్ని బట్టి వేరు చేయమన్నారు. మూడేళ్ల వారిలో ఎక్కువ మంది కొత్త నియమాన్ని నోటితో చెప్పగలిగి కూడా చేతితో మాత్రం పాత నియమాన్నే అనుసరించారు. అయిదేళ్లు వచ్చేసరికి ఎక్కువ మంది సులువుగా మారగలిగారు. ఒక నియమాన్ని పక్కనపెట్టి మరొకదాన్ని అందుకునే శక్తి ఆ రెండేళ్లలో క్రమంగా వికసిస్తుందన్నమాట. అందుకే రంగుల ఆటను, చెత్త వేరుచేసే ఆటను ఒకేరోజు కలిపి ఆడించరాదు.

మూడు మెట్లలో ఆట

మొదటి మెట్టు - రంగు మాత్రమే: మూడేళ్లు నిండిన వారికి ఇది తగినది. కడిగి ఆరబెట్టిన పెద్ద మూతలు, రంగు కాగితాలు అతికించిన అట్టపెట్టెలు తీసుకోవాలి. తొలి వారం రెండు రంగులు చాలు. ఎరుపు, నీలం వంటి స్పష్టమైన తేడా ఉన్నవైతే మేలు. అవి స్థిరపడ్డాక పసుపు, ఆ తరువాత ఆకుపచ్చ చేర్చాలి. ఈ దశలో చెత్త ప్రస్తావన అక్కర్లేదు. పెట్టెలు చెత్తబుట్టల్లా కనిపించకపోవడమే మంచిది.

రెండో మెట్టు - రకం మాత్రమే: నాలుగేళ్ల వారికి అరటి తొక్క, ఎండుటాకు, బఠానీ పొట్టు ఒకవైపు... ప్లాస్టిక్ డబ్బా మరోవైపు ఉంచి 'మట్టిలో కలిసిపోయేవి ఏవి?' అని అడగాలి. బుట్టలకు రంగు బదులు ఆకు బొమ్మ, సీసా బొమ్మ అతికించాలి. కారణం కళ్లారా చూపేందుకు చిన్న ప్రయోగం ఉంది. రెండు కుండీల్లో మట్టి పోసి ఒకదానిలో అరటి తొక్క, రెండోదానిలో ప్లాస్టిక్ కవరు ముక్క పాతిపెట్టి తడి ఆరకుండా చూడాలి. కొన్ని వారాల తరువాత తవ్వితే తొక్క నల్లబడి మట్టిలో కలిసిపోతూ కనిపిస్తుంది. కవరు మాత్రం అలాగే ఉంటుంది.

మూడో మెట్టు - రంగు, రకం కలిపి: అయిదేళ్ల వారికి అసలైన ఆకుపచ్చ, నీలం బుట్టలు చూపవచ్చు. బొమ్మలను బుట్టలపై అలాగే ఉంచాలి. 'వస్తువు రంగు వేరు, బుట్ట రంగు వేరు' అని ముందే చెప్పి, కావాలనే ఆకుపచ్చ సీసా, నీలం గీతల కాగితం వంటివి ఇవ్వాలి. పిల్లలు ఆగి ఆలోచించి సరైన బుట్టలో వేసిన రోజున ఆట ఫలించినట్టే.

'పచ్చ' అంటే ఏది?

తెలుగు మాట్లాడే ఇళ్లలో మరో చిక్కు ఉంది. వాడుకలో ఆకు 'పచ్చన', పసుపు కొమ్ము కూడా 'పచ్చన'. పెద్దలు సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు. రంగుల పేర్లు అప్పుడే వింటున్న పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి 'పచ్చ బుట్ట' అనకుండా ఎప్పుడూ 'ఆకుపచ్చ బుట్ట' అనే పలకాలి. పసుపు రంగును 'పసుపు' అనే చెప్పాలి. ఇంట్లో హిందీ, ఉర్దూ లేక మరో భాష మాట్లాడే పిల్లలుంటే వారి మాటను కూడా పక్కనే పలికితే అయోమయం తగ్గుతుంది.

పదాల వరుసకూ ప్రాధాన్యం ఉంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఆంగ్లం మాట్లాడే రెండేళ్ల పిల్లలకు 'నీలం బంతి' అని కాక 'బంతి నీలంగా ఉంది' అన్న వరుసలో చెప్పినప్పుడు రంగుల పేర్లు మెరుగ్గా వచ్చాయి. ముందు వస్తువు పేరు వింటే చూపు దానిపై నిలుస్తుంది, ఆపై విన్న మాట రంగుదేనని తోస్తుంది. తెలుగులోనూ 'ఈ మూత చూడు, నీలంగా ఉంది' అనడం కష్టమేమీ కాదు.

ఒక వాక్యం... ఎన్ని పనులు?

'మూత తీసుకుని, తుడిచి, నీలం పెట్టెలో వేసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చో'. పెద్దలకు ఇది ఒక్క వాక్యం. పిల్లల లెక్కలో ఆరు పనులు. క్రియలను గొలుసుగా అల్లుకుంటూ పోయే వీలు తెలుగు వాక్యానికి ఉండటంతో ఎన్ని ఆదేశాలు ఇస్తున్నామో మనకే తెలియదు. మధ్యలో ఎక్కడో మరచిపోయి నిలుచుండిపోయిన పాపను 'మాట వినదు' అని నిందించడం సరికాదు. ఆమె వింది, గుర్తుంచుకోలేకపోయింది.

సాధారణంగా రెండున్నర, మూడేళ్ల పిల్లలు 'మూత తీసుకో, పెట్టెలో వెయ్' వంటి రెండు పనుల సూచనను పాటించగలరు. నాలుగు, అయిదేళ్ల మధ్య మూడు పనులకు ఎదుగుతారు. పొట్టి వాక్యాలు వాడాలి. ఒకటి పూర్తయ్యాకే మరొకటి చెప్పాలి. మొదట వేలితో చూపుతూ, తరువాత మాటతోనే చెప్పాలి. 'ఏం చేయాలో చెప్పు నాన్నా' అని వారితోనే పలికించాక పని మొదలుపెట్టిస్తే గుర్తు నిలుస్తుంది. పిల్లలే టీచరై పెద్దలకు ఆజ్ఞలిచ్చే వంతు వచ్చినప్పుడు ఆట మరింత రక్తి కడుతుంది.

జెండా ఊపితే కదలాలి

రైల్వే క్వార్టర్లతో, రైలు కూతలతో పెరిగిన మెట్టుగూడలో రంగుకు, ఆదేశానికి ముడిపెట్టే ఆట వెతుక్కోనక్కర్లేదు. ఎర్రజెండా చూపితే ఆగాలి, ఆకుపచ్చ జెండా చూపితే కదలాలి. పిల్లలు రైలుపెట్టెల్లా ఒకరి భుజం ఒకరు పట్టుకుని, దారిలో ఉంచిన అట్టముక్కలను, మూతలను ఏరుతూ పెట్టెలకు చేర్చాలి. రైల్వే సంకేతాల్లో పసుపు దీపానికి జాగ్రత్తగా వెళ్లమని అర్థం. దాన్నీ ఆకుపచ్చనూ 'పచ్చ' అనే ఒకే మాటతో పిలవకూడదని చెప్పేందుకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఎర్రజెండా చూసి టక్కున ఆగడం ద్వారా తమను తాము అదుపు చేసుకోవడం కూడా పిల్లలకు అలవడుతుంది. 2017 నవంబరులో ప్రారంభమైన మెట్రోలో మెట్టుగూడ స్టేషన్ ఉన్నది నీలం మార్గంలోనే. అటుగా వెళ్లినప్పుడు ఆ రంగును గుర్తుపట్టమనడమూ ఒక ఆటే.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* నిజమైన చెత్తబుట్టలో చేయి పెట్టించరాదు. ఆటకు వేరే శుభ్రమైన వస్తువులు వాడాలి. సబ్బు నీటితో కడిగి ఎండలో ఆరబెట్టాలి.

* మూడేళ్ల లోపు పిల్లలకు నీళ్ల సీసాల మూతలు ఇవ్వరాదు. బొమ్మల భద్రతను పరీక్షించేందుకు అమెరికాలో వాడే గొట్టం వ్యాసం 3.17 సెంటీమీటర్లు. అందులో పట్టేవన్నీ గొంతుకు అడ్డుపడే ప్రమాదమున్నవే. నీళ్ల సీసా మూత వ్యాసం దాదాపు 3 సెంటీమీటర్లే. పచ్చడి జాడీలు, పొడి డబ్బాల వెడల్పాటి మూతలు మేలు. చిన్నింట్లో పసిబిడ్డ ఉంటే ఆట ముగిశాక మూతలు లెక్కపెట్టి దాచాలి.

* గాజు ముక్కలు, రేకు అంచులు, మందుల పట్టీలు, బ్యాటరీలు దరిచేరనీయరాదు. గుండీ బ్యాటరీ మింగితే ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

* ప్లాస్టిక్ కవర్లను తలకు తొడుక్కునే ప్రమాదం ఉంది. పెద్దలు పక్కనే ఉండాలి.

* నాలుగేళ్లు దాటినా ఎరుపు, ఆకుపచ్చల మధ్య పదేపదే తడబడుతుంటే కంటి వైద్యుడికి చూపించాలి. వర్ణాంధత్వం మగపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటి వారికి బుట్టలపై బొమ్మలే ఆధారం.

పెద్దలు కలిపేస్తే...

చిన్నారి ఎంతో శ్రద్ధగా వేరు చేసిన తొక్కలను, కాగితాలను సాయంత్రానికి ఇంట్లోవారు ఒకే సంచిలో కుమ్మరిస్తే ఆ పాఠం అక్కడితో ముగుస్తుంది. పిల్లలు చెప్పింది వినడం కంటే చూసింది చేయడమే ఎక్కువ. కలిసిపోయిన చెత్తలో కాగితం తడిసి అక్కరకు రాకుండా పోతుంది. ఎరువుగా మారాల్సిన తొక్కల్లో ప్లాస్టిక్ చేరుతుంది. నగరం నుంచి జవహర్‌నగర్ యార్డుకు తరలే చెత్త భారం ఇంటి వద్ద చేసే ఈ చిన్న పొరపాటుతోనే మొదలవుతుంది.

ఆటో వచ్చినప్పుడు పిల్లలను గుమ్మం వరకు తీసుకెళ్లి ఏ బుట్ట ఏ అరలోకి వెళ్తుందో చూపించవచ్చు. ఆ కార్మికుడిని 'చెత్తబండివాడు' అనకుండా 'అన్నా', 'అక్కా' అని పిలిపిస్తే పలకరింపులోనే గౌరవం అలవడుతుంది. మన చెత్తను మోసే చేతులు గుచ్చుకోకుండా, మురికి కాకుండా ఉండాలనే వేరు చేస్తున్నామన్న మాట అయిదేళ్ల వారికి తేలిగ్గానే అర్థమవుతుంది.

రోజుకు పదిహేను, ఇరవై నిమిషాలకు మించి ఈ ఆట అక్కర్లేదు. పిల్లలకు విసుగు పుట్టకముందే ఆపేయాలి. రంగుల పేర్లు ఒక నెల ఆలస్యమైనా నష్టమేమీ లేదు. ఆడుకుంటూ విన్న మాట, చేతితో చేసిన పని, ఇంట్లో కళ్లారా చూసిన అలవాటు మూడూ ఒకటైతే చాలు. ఎవరూ గుర్తుచేయకుండానే అరటి తొక్కతో ఆకుపచ్చ బుట్ట వైపు నడిచే రోజు వస్తుంది.