పిచ్చాసుపత్రి పాత రిజిస్టర్లలో ఒక కాలమ్

చాగలమర్రి చుట్టుపక్కల పల్లెల నుండి మానసిక రోగిని తీసుకొచ్చే ఇంటివారు మాతో మొదట చెప్పేది రోగ లక్షణం కాదు, కారణం. "గంజాయి తాగి ఇట్లయినాడు", "బాలింతప్పుడు గాలి సోకింది సిస్టరమ్మా" అంటారు. మేము కేస్ షీటులో రాసుకుంటాం. ఆ రాత ఎంత దూరం పోతుందో 19వ శతాబ్దపు రికార్డులు చెబుతాయి.

అప్పట్లో మన ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉండేది. 1858 చట్టం ప్రకారం, మతి తప్పి తిరిగేవారిని పోలీసులు మేజిస్ట్రేటు ముందుకు తెచ్చేవారు. ఆయన ఉత్తర్వుతో పిచ్చాసుపత్రికి పంపేవారు. మద్రాసు, కోజికోడ్, విశాఖపట్నంలలో అవి ఉండేవి. ఎందరు చేరారు, ఎందరికి నయమైంది, ఎందరు చనిపోయారు, జబ్బుకు కారణమేమిటి అని ఏటేటా నివేదికలు అచ్చయ్యేవి. స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం వాటిని ఇంటర్నెట్‌లో ఉంచింది, ఎవరైనా చూడవచ్చు. చరిత్రకారులకు అవి పెద్ద ఆధారం. అయితే వాటిలో రోగి మాట దాదాపు వినిపించదు. రాసినవారి మాటే వినిపిస్తుంది.

ఒక్క "కారణం" కాలమ్ సంగతే చూడండి. 1892లో బ్రిటిష్ ఇండియా పిచ్చాసుపత్రుల్లో చేరినవారిలో 222 మందికి గంజాయి, భంగు వంటివే కారణమని రిజిస్టర్లలో ఉంది. 1893-94లో పనిచేసిన గంజాయి కమిషన్ ఆ కేసులను మళ్లీ విచారించింది. 98 మందికి మించి ఆ కారణం నిలబడలేదు. వారిలోనూ 37 మందికి వేరే కారణాలు తోడున్నాయి.

మరి మిగతావి ఎలా వచ్చాయి? రోగితోపాటు వచ్చే పోలీసు కాగితంలో కారణం నింపాలి. ఇంటివారెవరో తెలియదు. గంజాయి తాగేవాడని ఎవరో అంటే అదే రాశారు. ఆసుపత్రిలో దాన్నే ఎక్కించుకున్నారు. ఆపైన అది సర్కారు లెక్క అయింది!

అలాగని గంజాయి మంచిదని కాదు. చిన్న వయసు నుండి ఎక్కువగా వాడితే తీవ్ర మానసిక జబ్బు వచ్చే ప్రమాదం పెరుగుతుందని నేడు తెలుసు. కానీ వాడినవాడి జబ్బంతా దానివల్లేనని రాసేస్తే, తలకు తగిలిన దెబ్బనో, మూర్ఛనో, థైరాయిడ్‌నో వెదికేవారుండరు. మాకు భయం అక్కడే.

అందుకే మా కొత్త సిస్టర్లకు "తల్లి చెప్పిన ప్రకారం", "అన్న చెప్పిన ప్రకారం" అని చెప్పినవారిని కూడా రాయమంటున్నాం. తెలియకపోతే తెలియదని రాయడం తప్పు కాదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం తన వైద్య రికార్డు చూసుకునే హక్కు రోగికి ఉంది కూడా.

ఓ.పి.కి వచ్చేటప్పుడు పాత చీటీలు, మందుల అట్టలు పారేయకుండా సంచిలో వేసుకుని తీసుకురండి.