గ్రహగణితం నుంచి సూర్యద్రవ్యం దాకా: వర్ణపటదర్శిని చరిత్రలో బందరు గ్రహణం

సౌరమండలానికి పూర్వులు కల్పించిన నమూనాలు శతాబ్దాల తరబడి ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి: ఫలానా వేళకు ఫలానా గ్రహం ఆకాశంలో ఎక్కడ ఉంటుంది? టాలమీ భూమిని నడుమ నిలిపి, పెద్ద వృత్తం మీద కదిలే చిన్న వృత్తంలో, అంటే ఉపవృత్తంలో, గ్రహాన్ని తిప్పి ఆ స్థానాన్ని గణించాడు. భూమినే కేంద్రంగా తీసుకున్న సూర్యసిద్ధాంతం, సగటు వేగంతో లెక్కకు వచ్చే మధ్యమ గ్రహానికి మందఫలం, శీఘ్రఫలం అనే సవరణలు చేసి, కంటికి కనిపించే చోటును చెప్పే స్ఫుట గ్రహాన్ని సాధించింది. తెలుగువాడైన మల్లికార్జున సూరి 12వ శతాబ్దంలో ఆ గ్రంథానికి వ్యాఖ్య రాశాడు. 499 నాటి ఆర్యభటీయం భూమికి ఆత్మభ్రమణాన్ని చెప్పగా, 1543లో కోపర్నికస్ సూర్యుణ్ణి నడుమకు తెచ్చాడు, 1609లో కెప్లర్ వృత్తాల స్థానంలో దీర్ఘవృత్తాలను నిలిపాడు, 1687లో న్యూటన్ వాటి కదలికకు కారణంగా గురుత్వాకర్షణను చూపాడు.

భూమి నుంచి చూసినప్పుడు సూర్యచంద్రులు ఒకే వరుసలోకి ఎప్పుడు వస్తారో తెలిస్తే గ్రహణం చెప్పవచ్చు గనుక, భూకేంద్ర సిద్ధాంతంతో గణించిన పంచాంగాలు కూడా గ్రహణ సమయాలను చెప్పగలిగాయి. లెక్క కుదిరినంత మాత్రాన నమూనా నిజమని తేలదు. పైగా మొత్తం సౌరమండల ద్రవ్యరాశిలో 99.8 శాతం తనదే అయిన సూర్యుడు ఏ పదార్థంతో తయారయ్యాడనే విషయాన్ని ఈ నమూనాలలో ఏదీ చెప్పలేకపోయింది. నక్షత్రాల రసాయన నిర్మాణం మనిషికి ఎన్నటికీ తెలియదని ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్ట్ కోంత్ 1835లో తీర్మానించాడు.

ఆ తీర్మానాన్ని తలకిందులు చేసిన పరికరం వర్ణపటదర్శిని, అంటే స్పెక్ట్రోస్కోపు. సన్నని చీలిక గుండా వచ్చిన వెలుగును ఒక కటకం సమాంతర కిరణాలుగా మారుస్తుంది, గాజు పట్టకం ఆ కిరణాలను రంగులుగా విడదీస్తుంది, చిన్న దూరదర్శిని ఆ రంగుల పట్టీని పెద్దదిగా చూపుతుంది. 1802లో వోలాస్టన్ సూర్యుడి వర్ణపటంలో కొన్ని నల్లని గీతలను గమనించాడు. 1814లో జర్మనీకి చెందిన గాజు నిపుణుడు ఫ్రాన్‌హోఫర్ అటువంటివి వందల కొద్దీ చూసి, ముఖ్యమైన వాటికి ఎ, బి, సి, డి అని అక్షరాల పేర్లు పెట్టాడు. వేడెక్కిన వాయువు తనకే ప్రత్యేకమైన రంగులలో ప్రకాశవంతమైన గీతలను వెలువరిస్తుందనీ, వెనుక నుంచి మరింత వేడి వెలుగు వచ్చినప్పుడు సరిగ్గా ఆ రంగులనే మింగి నల్లని గీతలను మిగులుస్తుందనీ 1859లో కిర్చాఫ్, బున్సెన్‌లు తేల్చడంతో, ఆ గీతలు మూలకాల గుర్తింపు చిహ్నాలయ్యాయి.

గ్రహణ వేళ చంద్రబింబం అంచున ఎర్రగా కనిపించే జ్వాలలు సూర్యుడివేనని 1860 నాటి ఛాయాచిత్రాలతో రుజువైంది గాని, అవి వాయువులో, తమంతట తాము వెలగని మేఘాల వంటివో తెలియలేదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం దీన్ని తేల్చే అవకాశం ఇచ్చింది. చంద్రుడు భూమికి దగ్గరగా ఉన్నందున సంపూర్ణత కొన్నిచోట్ల ఆరున్నర నిమిషాలు దాటింది. నీడ పట్టీ రెండు వందల కిలోమీటర్లకు మించిన వెడల్పుతో దక్కన్‌ను అడ్డంగా దాటి, గుడివాడ, దివిసీమలను కూడా కప్పుతూ బంగాళాఖాతంలోకి సాగింది. ఆ దారిలో మద్రాసు వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలోను, మేజర్ టెనెంట్, ఫ్రాన్సుకు చెందిన జాన్సెన్ గుంటూరులోను, మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ బందరులోను, అంటే మచిలీపట్నంలోను, పరికరాలు నిలిపారు.

జ్వాలల వర్ణపటంలో నల్లని గీతలకు బదులు ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. కాబట్టి అవి వేడి వాయువులే, అందులోనూ ప్రధానంగా హైడ్రోజన్. బందరులో పోగ్సన్ గుర్తించిన గీతలలో ఒకటి, సోడియం ఇచ్చే డి గీత ఉన్న చోటనో దానికి చేరువలోనో ఉన్న పసుపు గీత. గుంటూరులో జాన్సెన్ ఆ గీతల ప్రకాశాన్ని చూసి, గ్రహణం లేకున్నా ఇవి దొరకవచ్చునని ఊహించి, మర్నాడే పట్టపగలు వాటిని చూశాడు: పట్టకం ఆకాశపు వెలుగును అన్ని రంగుల్లోకి పరచి పలచన చేస్తుంది గాని, జ్వాల వెలుగు కొన్ని గీతలలోనే పోగుపడి ఉంటుంది కనుక చెదరక నిలుస్తుంది.

హీలియం గుంటూరులోనే దొరికిందని తరచుగా చెప్పే మాటలో నిజం పాక్షికమే. ఆనాడు ఆ పసుపు గీతను చాలామంది సోడియందిగానే భావించారు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్, గ్రహణం అవసరం లేని పద్ధతిని స్వతంత్రంగా సాధించి, ఆ గీత సోడియం జంట గీతలకు కొద్ది దూరంలో విడిగా ఉందని తేల్చాడు. ఈ కొత్త గీత స్థానం 587.6 నానోమీటర్లు కాగా సోడియం గీతలవి 589.0, 589.6. దాని మూలకానికి హీలియం అని పేరు పెట్టారు. 1895లో విలియం రామ్సే యురేనియం ఖనిజం నుంచి దాన్ని వెలికితీసేదాకా అది భూమి మీద దొరకలేదు.

గీతల ఉనికి నుంచి మూలకాల పాళ్లకు చేరడానికి మరికొంత కాలం పట్టింది. ఉష్ణోగ్రతను బట్టి పరమాణువులు ఎలక్ట్రాన్లను ఎంత మేరకు కోల్పోతాయో మేఘనాద్ సాహా 1920లో సమీకరణంగా చెప్పగా, దాని ఆధారంగా 1925లో సెసీలియా పేన్ నక్షత్రాలలో అత్యధిక భాగం హైడ్రోజన్, హీలియంలేనని గణించింది. సూర్యుడు కాగుతున్న భూమి వంటి గోళమన్న భావన దీనితో కూలి, సౌరమండల నమూనాకు కక్ష్యలతో పాటు పదార్థం కూడా అంగమైంది.

పోగ్సన్ నడిపిన మద్రాసు వేధశాల కొడైకెనాల్ మీదుగా నేటి భారత ఖగోళభౌతిక సంస్థగా కొనసాగింది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 వ్యోమనౌకలోని ప్రధాన పరికరం ఆ సంస్థ నిర్మించినదే. అది సూర్యబింబాన్ని కృత్రిమంగా కప్పి, చుట్టూ ఉన్న కరోనా వెలుగును వర్ణపటంగా విడదీసి చూస్తుంది. అంటే బందరులో కొద్ది నిమిషాలకే పరిమితమైన ప్రయోగాన్ని, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి, చంద్రుడి నీడ కోసం ఎదురుచూడకుండా చేస్తున్నది.