పింఛాల టోపీ ఎందుకు జారదు?

దీపావళి ముందు రోజుల్లో ఆదిలాబాద్ ప్రాంతపు గోండు గూడేలకు వెళితే గుస్సాడీ నర్తకులు కనిపిస్తారు. ఒంటినిండా బూడిద, భుజాన మేకతోలు, చేతిలో కర్ర, తలపై నెమలి పింఛాల పెద్ద టోపీ! దానిని 'మల్‌బూర' అంటారు. డప్పుల మోతకు వారు గెంతుతారు, వంగుతారు, గిరుక్కున తిరుగుతారు. అయినా టోపీ తలను వదలదు. ఈ నాట్యాన్ని ఎందరికో నేర్పిన మర్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ లభించింది. 2024లో ఆయన కన్నుమూశారు.

మరి బడిలో విచిత్ర వేషధారణ పోటీకి మీరు చేసుకున్న అట్ట కిరీటం రెండడుగులు వేయగానే ముక్కు మీదికి జారుతుందెందుకు?

తల నిటారుగా ఉన్నప్పుడు కిరీటం బరువు నేరుగా తల మీద పడుతుంది. తల వంచగానే అదే బరువు కిరీటాన్ని పక్కకు తిప్పివేయాలని చూస్తుంది. ఈ తిప్పే ప్రభావమే బల భ్రామకం. పట్టీకి 5 సెం.మీ. ఎత్తున ఉన్న బరువును 20 సెం.మీ. ఎత్తుకు చేరిస్తే ఆ ప్రభావం 4 రెట్లవుతుంది.

ఇప్పుడు మల్‌బూరను గమనించండి. ఎత్తుగా ఉండేవి ఈకలు. ఈక కాడ లోపల గాలి గదులతో నిండిన స్పాంజివంటి పదార్థం ఉంటుంది కనుక అది చాలా తేలిక. బరువైన కొమ్ములు టోపీ పక్కల, కిందుగా ఉంటాయి. అందువల్ల గురుత్వ కేంద్రం తలకు దగ్గరగా ఉంటుంది.

మల్‌బూర ఆటవస్తువు కాదు. గోండులు దానిని పూజించి ధరిస్తారు. కాబట్టి దానికి నకలు చేయకుండా, సూత్రం మాత్రం తీసుకొని చిలుక వేషానికో, కోడిపుంజు వేషానికో తలపట్టీ చేద్దాం.

నుదుటి మీదుగా తల చుట్టూ దారం చుట్టి కొలవండి. కొలత 52 సెం.మీ. వస్తే, 46 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. వెడల్పు గల అట్ట పట్టీ కత్తిరించండి. వెనుక వైపు, కుట్టు పోను 5 సెం.మీ. ఎలాస్టిక్ కలపండి. అది 1 సెం.మీ. సాగి పట్టీని తలకు అదుముతుంది. అదుముడు పెరిగితే ఘర్షణ పెరుగుతుంది, పట్టీ జారదు. రంగు కాగితాలతో 20 సెం.మీ. పొడవైన ఈకలు 5 కత్తిరించి, ఒక్కొక్కదాన్ని నిలువుగా మధ్యకు మడిచి సగం విప్పండి. ఇంటికప్పులా మడత ఉన్న కాగితం పుల్ల లేకుండానే నిలబడుతుంది. వాటిని పట్టీ ముందు భాగంలో అతికించండి.

ఇక పరీక్ష. పట్టీని ఒక పలకపై నిలబెట్టి, ఈకల వైపు జారకుండా స్కేలును అడ్డు పెట్టండి. ప్రతి ఈక మొదట్లో రెండేసి జెమ్ క్లిప్పులు తగిలించి, ఈకల వైపు పల్లమయ్యేలా పలకను మెల్లగా ఎత్తండి. ఎంత ఎత్తులో పట్టీ బోర్లాపడిందో కొలవండి. తరువాత అవే క్లిప్పులను ఈకల కొనలకు తగిలించి మళ్ళీ చేయండి. ఈసారి ముందుగానే పడిపోతుంది. బరువు మారలేదు, దాని చోటు మారింది!

ఒక్క మాట. నిజమైన నెమలి ఈకలకోసం ఆశపడకండి. నెమలి ఏటా వానాకాలం చివర తన పింఛాన్ని తానే రాల్చుకొంటుంది. కాని ఈకలకు గిరాకీ పెరిగితే ఆశపోతులు పక్షినే చంపుతారు. 1963 నుంచి మన జాతీయ పక్షి అయిన నెమలిని చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మీ పట్టీకి కాగితపు ఈకలే మేలు. అవి తేలిక కూడా!