తెడ్డుకు తోడు... బ్యాటరీ!

తెల్లవారుజాము నాలుగు గంటలు. ఉప్పుటేటి ఒడ్డున చిన్న పడవ. తండ్రి వల సర్దుకుంటున్నాడు. కొడుకు సెల్‌ఫోన్ ముందుకు పెట్టి ఏదో చూపిస్తున్నాడు.

'నాయనా, ఈ మోటారు చూడు. డీజిలు పొయ్యబళ్లా, పొగ రాదు, చప్పుడుండదు. బ్యాటరీ తగిలించి మీట తిప్పితే చాలు.'

'అట్నా? బాగానే ఉండాదిగానీ, ఆ బ్యాటరీ నీళ్ల నడిమధ్యలో చచ్చిపోతే ఏంది గతి అబ్బయా?'

ఊహించి రాసిన ముచ్చటే ఇది. కానీ తండ్రి అడిగిన ప్రశ్న అక్షరాలా నిజమైనది. మోటారు ఏదైనా ఒకటే తిప్పుడు. పడవ ఇంటికి చేరుతుందా, లేదా అన్నది తేల్చేది మాత్రం బ్యాటరీయే. పైగా మోటారు కొన్నాక చేతిలో మిగిలిన డబ్బుతోనో, వడ్డీకి తెచ్చిన డబ్బుతోనో కొనేది కూడా అదే. తప్పు ఎంపిక జరిగితే డబ్బు పోతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికీ వస్తుంది. అందుకే కొనేముందు నాలుగు లెక్కలు వేసుకోవాలి.

ట్రాలింగ్ కాదు... ట్రోలింగ్!

పేరు వినగానే పొరబడొద్దు. ట్రాలింగ్ అంటే పెద్ద మరబోట్లు సంచివలను నీటి అడుగున ఈడ్చుకుపోవడం. ఆ మాట వింటే నెల్లూరు తీరంలో పొరుగు రాష్ట్రం బోట్లతో గొడవలే గుర్తొస్తాయి. ట్రోలింగ్ అంటే వేరు. నిదానంగా పోయే పడవ వెనక గాలాన్ని లాగుతూ చేపలు పట్టడం. చేప బెదరకుండా, నీళ్లు పెద్దగా కదలకుండా పడవ నడవాలి కాబట్టి దానికోసం పుట్టిందే ట్రోలింగ్ మోటారు.

దీని పుట్టుక అమెరికాలో. నార్త్ డకోటా రాష్ట్రం ఫార్గో పట్టణంలో ఓ.జి.ష్మిత్ అనే ఆయన 1934లో కారు స్టార్టర్ మోటారుకు రెక్కలు బిగించి పడవకు తగిలించాడు. మిన్నెసోటా, డకోటా రాష్ట్రాల పేర్లు కలిపి 'మిన్ కోటా' అని పేరు పెట్టాడు. తొంభై ఏళ్లయినా ఆ పేరు ఇంకా నడుస్తోంది.

మన దగ్గర ఎక్కడ పనికొస్తుంది?

ముందే ఒక మాట చెప్పుకోవాలి. ఇస్కపల్లి, మైపాడు, కోడూరు, తూపిలిపాళెం లాంటి ఊళ్ల నుంచి అలలు దాటి నడిసముద్రంలోకి పోయే ఫైబర్ బోటుకు ఇది ప్రత్యామ్నాయం కాదు. లెక్క చూడండి. లీటరు డీజిల్లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. చిన్న ఇంజను అందులో పావువంతు, అంటే రెండున్నర యూనిట్లు మాత్రమే రెక్కలకు అందిస్తుంది. వేటకు 10 లీటర్లు తగలబెట్టారనుకుంటే 25 యూనిట్లు. 12 వోల్టుల 100 ఏహెచ్ లిథియం బ్యాటరీలో పట్టేది ఒకటింపావు యూనిట్ పైచిలుకు. అంటే ఆ ఒక్క వేటకే అలాంటివి 20 బ్యాటరీలు మోసుకుపోవాలి!

మరి ఎవరికి ఉపయోగం? నిలకడ నీళ్లలో తిరిగేవారికి. బకింగ్‌హామ్ కాలువ, కృష్ణపట్నం దగ్గరి ఉప్పుటేరు, దక్షిణాన పులికాట్ సరస్సు, ఎగువన సోమశిల, కండలేరు జలాశయాలు ఇలాంటివే. పులికాట్‌లో చాలాచోట్ల నీళ్లు నడుంలోతు కూడా ఉండవు. అక్కడ ఇంజను కంటే గడే మేలు. మోటారు పెట్టినా రెక్కలు బురదకు, నాచుకు, వలకు తగలకుండా పైకెత్తుకునే వీలుండాలి. 2022లో జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాలోకి వెళ్లిన తడ, సూళ్లూరుపేట వైపు సరస్సులో చాలా భాగం పక్షుల అభయారణ్యం. అక్కడ మోటారు బిగించేముందు అటవీశాఖను అడగడం తప్పనిసరి.

నిలకడ నీళ్లలో బ్యాటరీ పడవ నడుస్తుందా అన్న అనుమానం అక్కర్లేదు. కేరళలోని వైకోం దగ్గర 75 మందిని ఎక్కించుకునే 'ఆదిత్య' అనే సౌరశక్తి పడవ 2017 జనవరిలో రేవు దాటించడం మొదలుపెట్టింది. దాని కడుపులో ఉన్నదీ లిథియం బ్యాటరీయే.

ముందు మోటారు... ఆ తర్వాతే బ్యాటరీ

ట్రోలింగ్ మోటార్లకు హార్స్‌పవర్ చెప్పరు. నీటిని ఎంత బలంగా వెనక్కి నెడుతుందో పౌండ్లలో చెబుతారు. పడవ, మనుషులు, వల, ఐసు, చేపలు... అంతా కలిపి ఎంత బరువో అందులో నూటికి రెండు వంతుల నెట్టుడు బలం కావాలన్నది మోటు లెక్క. మొత్తం వెయ్యి కిలోలైతే 20 కిలోలు, అంటే 44 పౌండ్లు. ఎదురుగాలికీ, ఆటుపోట్లకూ మరికొంత కలుపుకుంటే 55 పౌండ్ల మోటారు సరిపోతుంది. ఇది 12 వోల్టులతో నడుస్తుంది. అంతకు మించి 80 పౌండ్ల వాటికి 24 వోల్టులు కావాలి. అంటే రెండు బ్యాటరీలను వరసగా కలపాలి. ఆ రెండూ ఒకే రకం, ఒకే సైజు, ఒకే వయసువి కాకపోతే పాతది కొత్తదాన్ని కూడా చెడగొడుతుంది.

55 పౌండ్ల మోటారు పూర్తి వేగంతో తిరిగితే సుమారు 50 ఆంపియర్లు లాగుతుంది. ఇక్కడే ఓ రహస్యం ఉంది. నీళ్లలో వేగం సగానికి తగ్గిస్తే కావలసిన శక్తి దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. నిదానమే ప్రధానం అన్నది పడవ విషయంలో నూటికి నూరుపాళ్లు నిజం. వేగాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో తగ్గించే మోటార్లలో ఈ ఆదా బాగా కనిపిస్తుంది. అయిదు గేర్ల మీట ఉండే చౌక మోటార్లలో అంతగా ఉండదు.

ఎంత బ్యాటరీ కావాలి?

ఓ రోజు వేట లెక్క వేద్దాం. వల దగ్గరికి అరగంట, తిరుగు ప్రయాణం అరగంట. గంటసేపు 30 ఆంపియర్లు అంటే 30 ఏహెచ్. వల చుట్టూ రెండు గంటలు నిదానంగా 10 ఆంపియర్ల చొప్పున మరో 20 ఏహెచ్. మొత్తం 50. గాలి ఎదురు తిరిగినా, పోటు ఎదురొచ్చినా ఇబ్బంది లేకుండా అందులో సగం అదనంగా కలపండి. 75 ఏహెచ్.

అలాగని 75 ఏహెచ్ బ్యాటరీ కొంటే అంతే సంగతులు! సీసం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు కరిగిపోతుంది. కాబట్టి 150 ఏహెచ్ కావాలి. లిథియం బ్యాటరీలో నూటికి 80 వంతులు ధైర్యంగా వాడుకోవచ్చు. దానికి 100 ఏహెచ్ చాలు.

సీసం బ్యాటరీ... పాత నేస్తం

సీసం బ్యాటరీని ఫ్రాన్స్‌కు చెందిన గాస్టన్ ప్లాంటె 1859లో కనిపెట్టాడు. మన రేణిగుంట దారిలోని కరకంబాడి నుంచి దేశమంతా వెళ్లే బ్యాటరీల్లోనూ ఉన్నది ఆ సూత్రమే. ఇందులోనూ రకాలున్నాయి.

కారు, లారీ బ్యాటరీ: వద్దే వద్దు. క్షణంపాటు బలంగా తన్ని ఇంజనును లేపడానికే ఇది పుట్టింది. లోపల పలుచని పలకలుంటాయి. గంటల తరబడి ఖాళీ చేస్తుంటే కొన్ని నెలలకే కూలబడుతుంది.

ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీ: ఊళ్లో దొరుకుతుంది, బాగుచేసేవాళ్లూ ఉంటారు, పాతదిచ్చి కొత్తది తెచ్చుకోవచ్చు. అయితే 150 ఏహెచ్‌ది 50 కిలోలకు పైనే తూగుతుంది. పడవ ఒరిగితే యాసిడ్ ఒలుకుతుంది.

సీలు చేసిన ఏజీఎం, జెల్ రకాలు: ఒలకవు, నీళ్లు పోయక్కర్లేదు. ధర ఎక్కువ. ఎక్కువ చార్జింగ్ పెడితే చెడిపోతాయి.

కొనేటప్పుడు పేరు పక్కన సీ20 అనో, సీ10 అనో ఉందేమో చూడండి. సీ20 అంటే 20 గంటలపాటు మెల్లగా వాడితేనే ఆ 150 ఏహెచ్ వస్తుందని అర్థం. మోటారు ఒక్కసారిగా 50 ఆంపియర్లు లాగితే అందులో చాలా భాగం చేతికి రాదు. సీ10 అని ఉన్న సోలార్ బ్యాటరీ ఈ విషయంలో కాస్త మెరుగు.

లిథియం... కొత్త చుట్టం

లిథియం అనగానే మంటలు గుర్తొస్తాయి. అందులోనూ రకాలున్నాయి. పడవకు కావలసింది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. దీన్ని 1990ల్లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ బృందం వెలుగులోకి తెచ్చింది. ఆ 1997 పరిశోధన పత్రం మీద పాఢి, నంజుండస్వామి అనే పేర్లు కూడా ఉన్నాయి. గుడెనఫ్‌కు లిథియం బ్యాటరీల మీద చేసిన కృషికి 2019లో నోబెల్ వచ్చింది. మిగతా లిథియం రకాలతో పోలిస్తే ఇది వేడికి తట్టుకుంటుంది, అంత తేలిగ్గా అంటుకోదు. రెండు వేలసార్లకు పైగా చార్జింగ్ పెట్టుకోవచ్చు.

గుర్తుపట్టడమెలా? దీని ఒక్కో సెల్ 3.2 వోల్టులు. నాలుగు కలిస్తే 12.8. బ్యాటరీ మీద 12.8 అని ఉండాలి. 11.1 అనో, 14.8 అనో ఉంటే అది వేరే రకం.

ఇంకో చిట్కా... కాటా! నిజమైన 100 ఏహెచ్ బ్యాటరీలో సెల్సే ఎనిమిది కిలోల దాకా ఉంటాయి. పెట్టె, తీగలు కలిపి 10 నుంచి 13 కిలోలు తూగాలి. 'వంద ఏహెచ్ అన్నా, చూడు ఎంత తేలిగ్గా ఉందో' అంటూ ఆరు కిలోల పెట్టె చేతిలో పెడితే వెనక్కి ఇచ్చేయండి. పాత వాహనాల నుంచి తీసిన సెల్స్‌కు కొత్త స్టిక్కరు వేసినా కాటాకు దొరక్కపోవచ్చు. అందుకే రాతపూర్వక గ్యారంటీ అడగాలి. 20 ఆంపియర్ల లోడు పెట్టి ఎన్ని గంటలు నడుస్తుందో చూడాలి. అయిదు గంటలకు కాస్త అటూఇటూగా నడిస్తే వంద ఉన్నట్టే.

లోపలి కాపలాదారు సర్క్యూటును బీఎంఎస్ అంటారు. 50 ఆంపియర్ల మోటారుకు అది 100 ఆంపియర్లది ఉంటే నిశ్చింత.

ఇదీ అసలు తేడా!

తండ్రి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. సీసం బ్యాటరీ చచ్చిపోయేముందు చెబుతుంది. మోటారు నెమ్మదిస్తుంది, మూలుగుతుంది. మీటరులో 12.7 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. మోటారు ఆపి కాసేపాగి చూసినప్పుడు 12.2 ఉంటే సగం అయిపోయినట్టు. అది వెనుదిరగాల్సిన సమయం.

లిథియం అలా కాదు. చివరిదాకా ఒకే ఊపుతో తిప్పి, బీఎంఎస్ ఒక్కసారిగా ఆపేస్తుంది. మామూలు వోల్టుమీటరు చూస్తే దాదాపు చివరిదాకా నిండుగా ఉన్నట్టే అనిపిస్తుంది. అందుకే వెళ్లిన ఆంపియర్లను లెక్కపెట్టే మీటరు పెట్టుకోవాలి. సగం కాగానే తిరుగుముఖం పట్టాలి.

చౌకేదో... ఖరీదేదో

ఉదాహరణకు సీసం బ్యాటరీ 15 వేల రూపాయలు, 750 వేటలకు వచ్చిందనుకుందాం. వేటకు 20 రూపాయలు పడింది. లిథియం 30 వేలు, రెండు వేల వేటలు అనుకుంటే 15 రూపాయలే. మీ ఊరి ధరలతో ఇదే లెక్క వేసుకోండి. లిథియం చార్జరు వేరు కాబట్టి దాని ధర కూడా కలపండి. అయితే కాగితం మీద చౌక వేరు, చేతిలోని డబ్బు వేరు. ఆ అదనపు 15 వేలు వడ్డీకి తెస్తే లాభం వడ్డీకే పోవచ్చు. కరెంటు ఖర్చు మాత్రం రెండింటికీ తక్కువే. రోజుకు యూనిటున్నర లోపే.

వేట నిషేధంలో...

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు సముద్రంలో మోటారు బోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో పనిలేని బ్యాటరీలు పాడయ్యేది ఎక్కువ. సీసం బ్యాటరీని నిండా చార్జి చేసి పక్కన పెట్టి, నెలకోసారి మళ్లీ చార్జింగ్ పెట్టాలి. లిథియంను సగం చార్జితో తీగలు విప్పి ఉంచాలి. ఏదైనా సరే రోహిణి ఎండలో రేకుల కింద వద్దు. వేడి పది డిగ్రీలు పెరిగితే సీసం బ్యాటరీ ఆయుష్షు సగమవుతుంది.

ఇవి మరవొద్దు!

* ఉప్పునీళ్లు సీసం బ్యాటరీలోకి పోతే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది. మూత ఉన్న పెట్టెలో, నీళ్లు అందని ఎత్తున, పడవ మధ్యలో పట్టీతో బిగించాలి.
* చార్జింగ్ వేళ హైడ్రోజన్ వస్తుంది. మూసిన గదిలో వద్దు. దగ్గర బీడీ అసలే వద్దు.
* బ్యాటరీకి జానెడు దూరంలోనే 60 ఆంపియర్ల బ్రేకర్ ఉండాలి. తీగ లావుగా ఉండాలి. సన్నతీగ వేడెక్కి కాలుతుంది.
* ఒడ్డుకు రాగానే మోటారును మంచినీళ్లతో కడగాలి. టెర్మినళ్లకు వ్యాజిలైన్ రాయాలి.
* లిథియంకు పాత ఇన్వర్టర్ చార్జరు పెట్టొద్దు.
* పనికిరాని బ్యాటరీని కాలువలో పారేయొద్దు. 2022 నిబంధనల ప్రకారం వాటిని తిరిగి తీసుకునే బాధ్యత తయారీదారులదే. పాత సీసానికి డబ్బులూ వస్తాయి.

ఇంతకీ ఆ తండ్రీకొడుకులు ఏది కొనాలంటారా? రోజూ వేటకు పోయేవాళ్లు, డబ్బు సర్దుబాటయ్యేవాళ్లు లిథియం కొనుక్కోవచ్చు. వారానికి రెండు మూడు రోజులే పడవ తీసేవాళ్లకు మంచి ట్యూబులర్ బ్యాటరీయే చాలు. ఏది కొన్నా, మోటారు బిగించాక తెడ్డునూ గడనూ ఇంటి చూరులో దోపేయొద్దు. అవి పడవలోనే ఉండాలి. వాటికి చార్జింగ్ అయిపోదు మరి!