చెత్త నీటికి చిల్లగింజ
బురదనీళ్ల కుండ లోపలి గోడకు చిల్లగింజ అరగదీస్తే మడ్డి అడుక్కి దిగి నీళ్లు తేటపడతాయి. పశ్చిమ ప్రకాశంలో పెద్దారవీడు వైపు పల్లెలకు చిల్ల, మునగ కొత్తవి కావు. మునగ గింజలోని ధనావేశపు ప్రోటీన్లు రుణావేశమున్న మలినాలను పట్టి ఉండకట్టిస్తాయి. పటిక చేసే పనీ ఇదే. హైదరాబాద్‌లో జవహర్‌నగర్ చెత్తగుట్టల నుంచి ఊరిన నల్లనీరు మల్కారం చెరువును పాడుచేసింది. అలాంటి నీటి తొలి శుద్ధికి ఈ గింజలు పనికొస్తాయి.

వీటితో అమ్మోనియా, కరిగిన లవణాలు పోవుగా అంటారు. నిజమే, మోతాదు మించితే గింజల సేంద్రియ పదార్థమూ నీటిలో చేరుతుంది. అందుకే నూనె తీసిన పిండే వాడాలి, ఆపై జీవశుద్ధి, వడపోత తప్పవు. దిగిన మడ్డిలో లోహాలుండొచ్చు కనుక దాన్ని పొలాల్లో వేయకూడదు. అయినా మడ్డి ముందే దిగితే తర్వాతి శుద్ధికి భారం తగ్గుతుంది. చెత్త నీరు నేలలోకి ఇంకితే బోర్లూ పాడవుతాయి కనుక, బోరునీటిపై బతికే పశ్చిమ ప్రకాశం ఈ చవకైన తొలిమెట్టును వదులుకోకూడదు.