మంచు మీద మొదటి అడుగులు

కాశ్మీరు వెళ్ళివచ్చిన మన కుటుంబాల ఆల్బముల్లో ఒక ఫోటో తప్పక కనబడుతుంది. అద్దెకోటు, అద్దెబూట్లు, చేతుల్లో రెండు కర్రలు, కాళ్ళకు రెండు పొడుగాటి బద్దలు. అలా నిలబడింది ఒక్క నిమిషమే. అదీ పక్కన ఎవరో పట్టుకొంటే! ఆ ఒక్క నిమిషంతో తృప్తిపడని పిల్లలు ఇప్పుడు మన ఇళ్ళల్లో వున్నారు. "నాన్నా, ఈసారి నిజంగా స్కీయింగ్ నేర్చుకొందాం" అంటున్నారు.

మంచి కోరికే. పదమూడు మొదలు పదిహేడేళ్ళ దాకా వయసు దానికి చక్కగా సరిపోతుంది. ఒంట్లో బలం వుంటుంది. చెప్పింది ఇట్టే పట్టుబడుతుంది. చిక్కల్లా ఒక్కటే. ఆ వయసువాళ్ళకు పడటమంటే భయం లేదుగాని, పడుతుంటే నలుగురూ చూడటమంటే చచ్చేంత సిగ్గు. ఆ సిగ్గు దాచుకోవడానికి శక్తికి మించిన వాలు ఎక్కుతారు. లేదా మొదటి రోజే బద్దలు విప్పి గదిలో కూర్చుంటారు. ఈ రెండూ జరగకుండా చూడటమే పెద్దల పని.

ఎక్కడికి? ఎప్పుడు?

తొలిసారి వెళ్ళేవారికి గుల్‌మార్గ్ అనువైన చోటు. శ్రీనగరుకు సుమారు 50 కిలోమీటర్ల దూరం, 2,650 మీటర్ల ఎత్తు. 1927లోనే బ్రిటిషు అధికారులు అక్కడ స్కీ క్లబ్బు పెట్టుకొన్నారు. వేసవిలో పచ్చికబయలుగా వుండే మైదానం శీతకాలంలో మంచు కప్పుకొని, పళ్ళెం అంచులాంటి సున్నితమైన వాలుగా మారుతుంది. నేర్చుకొనేవారికి కావలసింది అదే. ఉత్తరాఖండ్‌లోని ఔలీ కూడా మంచిదే కాని, 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగినప్పుడు అక్కడినుంచి పైకి వెళ్ళే రోప్‌వే ఆగిపోయింది. అటు వెళ్ళదలచినవారు ముందుగా వాకబు చేసుకోవాలి.

కాశ్మీరీలు చలికాలాన్ని లెక్కగట్టి చెబుతారు. డిసెంబరు 21 మొదలు నలభైరోజులు చిల్లై కలాన్, అంటే పెద్దచలి. తరువాత ఇరవై రోజులు, ఆపైన పదిరోజులు తగ్గుచలి. మన సంక్రాంతి సెలవులు పెద్దచలిలోనే వస్తాయి. కాని పెద్దచలి వున్నంత మాత్రాన మంచు పడి తీరుతుందని లేదు. 2024 జనవరిలో నెలాఖరు దాకా గుల్‌మార్గ్‌లో ఎండిన గడ్డే కనిపించింది! ఫిబ్రవరి మరికొంత నమ్మకమైన నెల. అయితే ఫిబ్రవరి అనగానే మన ఇళ్ళలో టెన్తు, ఇంటరు పరీక్షలు గుర్తుకొస్తాయి. అందుచేత పిల్లవాడు ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో వుండగా ఈ ముచ్చట తీర్చుకోవడం మేలు. పరీక్షల సంవత్సరమైతే వాయిదా వేసుకోండి. కొండలు ఎక్కడికీ పోవు. హోటలు గదులు మాత్రం రద్దుచేస్తే డబ్బు తిరిగివచ్చే షరతు మీదనే తీసుకోండి. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దగ్గర జరిగిన దారుణం ఎవరూ మరువలేదు గనుక, బయలుదేరేముందు ప్రభుత్వ ప్రకటనలు చూసుకోవడం కూడా అవసరం.

ఇంట్లో ఆరంభం

ఆరువారాల ముందునుంచే కాళ్ళకు పని చెప్పాలి. లిఫ్టు మానేసి మెట్లు ఎక్కండి. మన పాత బడిపంతుళ్ళు వేసిన గోడకుర్చీ శిక్ష జ్ఞాపకముందా? తొడలకు, మోకాళ్ళకు అంతకు మించిన సాధన లేదు. ఇంటిల్లిపాదీ రోజూ వేసి, ఎవరు ఎంతసేపు నిలిచారో గోడ మీద రాసుకోండి. పిల్లలే గెలుస్తారు.

ఇక దుస్తులు. నూలుబట్ట చెమటనూ మంచునూ పీల్చుకొని ఒంటిని గడ్డకట్టిస్తుంది. లోపల ఉన్నిదో, చెమట ఆరిపోయే నైలాను రకమో, దానిపైన స్వెట్టరు, అన్నిటికీ పైన నీరు దిగని కోటు, పంట్లాము. తలకు హెల్మెట్, కళ్ళకు గాగుల్సు తప్పవు. మంచు ఎండను అద్దంలా తిప్పికొడుతుంది. కొత్తమంచు అతినీలలోహిత కిరణాల్లో నూటికి ఎనభై వంతుల దాకా వెనక్కు పంపగలదు. ముఖానికి సన్‌స్క్రీను రాయకపోతే, చలిలోనే చర్మం కమిలిపోతుంది.

బూటు కథ

స్కీలు, బూట్లు కొనవద్దు. అక్కడ అద్దెకు దొరుకుతాయి. కాని అద్దె దుకాణంలో అరగంట ఓపిక పట్టండి. "ఎదిగే పిల్లలు గదా" అని ఒక సైజు పెద్దది తీసుకొనే అలవాటు మనది. ఇక్కడ అది పనికిరాదు. మడమ లేవకూడదు, మోకాలు ముందుకు వంచితే పిక్క ముందుభాగం బూటు నాలుకకు ఆనాలి, వేళ్ళు మాత్రం కదలాలి. రెండు జతల మేజోళ్ళు తొడిగితే వెచ్చదనం రాదు, రక్తం ఆడక చలి పెరుగుతుంది. పొడుగాటి ఉన్నిజత ఒక్కటి చాలు.

స్కీని బూటుకు పట్టివుంచే బిగింపు, పడినప్పుడు తనంతట తాను వూడిపోవాలి. లేకపోతే మెలిపడేది మోకాలే. ఆ బిగింపును మనిషి బరువు, ఎత్తు, నేర్పునుబట్టి సరిచేస్తారు. కనుక బరువు అడిగినప్పుడు అమ్మాయిలు తగ్గించి, నేర్పు అడిగినప్పుడు అబ్బాయిలు పెంచి చెప్పకుండా చూడండి!

గురువు వేరే వుండాలి

వీడియోలు చూసి తండ్రి కొడుక్కి నేర్పబూనడం అన్నిటికంటె పెద్ద పొరపాటు. గుల్‌మార్గ్‌లో కేంద్ర పర్యాటకశాఖ కింద పనిచేసే స్కీయింగ్, పర్వతారోహణ శిక్షణసంస్థ వున్నది. విడిగా నేర్పేవారూ వున్నారు. వారి గుర్తింపుపత్రం చూసి, రోజుకు ఎంతో ముందే మాట్లాడుకోండి. పిల్లలను ఒక గురువుకు అప్పగించి, పెద్దలు మరొకరి దగ్గర, వీలైతే కాస్త దూరంగా, నేర్చుకోండి. అమ్మానాన్నలూ తమలాగే బోర్లాపడి లేస్తున్నారని తెలిస్తే, పిల్లల సిగ్గు సగం తీరుతుంది. పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాడన్న మాట అక్షరాలా నిజమయ్యేచోటు అది.

మొదటిపూట నేర్పేది పడటం, లేవడం, అడ్డంగా అడుగులేస్తూ వాలు ఎక్కడం. తరువాత స్కీల మొనలు దగ్గరగా, వెనుకకొసలు ఎడంగా పెట్టి, నాగటికర్రులా నిలిచి వేగం తగ్గించడం. భయంవేస్తే వెనక్కి వాలడం మనిషి స్వభావం. స్కీ మీద అదే ప్రమాదం. బరువు ఎప్పుడూ ముందుకే. తనకంటె కిందనున్న వారికి దారి ఇవ్వవలసిన బాధ్యత పైనుంచి వచ్చేవారిది.

మూడు నాలుగు ఉదయాలు, పూటకు రెండుమూడు గంటలు చాలు. కాళ్ళు అలసిన తరువాత "ఇంకొక్కసారి" అన్నప్పుడే దెబ్బలు తగిలేది. మధ్యాహ్నం బుఖారీ పొయ్యి పక్కన కూర్చుని కహ్వా తాగండి.

గండోలా ఆకర్షణ

గుల్‌మార్గ్ గండోలా మొదటి అంచె 1998లో కొంగ్‌డూరీ దాకా వచ్చింది; రెండవది 2005లో అఫర్వత్ భుజం మీదికి, 3,900 మీటర్లకు పైగా చేరింది. పిల్లల మనసు అక్కడే వుంటుంది. మొదటి అంచె దాకా వెళ్ళి చూసి రండి. కాని కొత్తవారు స్కీలతో పై అంచె ఎక్కడం నేలవిడిచి సాము. అక్కడ చదునుచేసిన దారులు వుండవు, హిమపాతాలు వుంటాయి. 2024 ఫిబ్రవరిలో కొంగ్‌డూరీ ప్రాంతంలో విరిగిపడిన మంచుకింద ఒక రష్యా స్కీయరు మరణించాడు. ఈ మాట ఇంటి దగ్గరే, టిక్కెట్లు కొనకముందే చెప్పి ఒప్పించండి. కొండ దగ్గర మొదలుపెడితే అది వాదనవుతుంది.

మొత్తం మీద వారంరోజులు పెట్టుకోండి. అందులో ఒకరోజు ఖాళీగా వుంచండి. మంచు కురిస్తే విమానాలు ఆగుతాయి, తంగ్‌మార్గ్ నుంచి పైకి వున్న 13 కిలోమీటర్లు చక్రాలకు గొలుసులు లేనిదే కదలవు. మీ బీమా పత్రంలో స్కీయింగ్ దెబ్బలకు డబ్బు వస్తుందో లేదో చదువుకోండి. చాలా వాటిలో రాదు.

నాలుగోనాటికి మీ అమ్మాయి చిన్నవాలు మీదినుంచి దిగి, తాను అనుకొన్న చోట, ఎవరినీ పట్టుకోకుండా ఆగగలిగితే చాలు. ఈ ప్రయాణానికి పెట్టిన ఖర్చు దక్కినట్టే. పై కొండ వచ్చే ఏటికి వుండనే వున్నది.